వల కోసి వదిలేస్తే సరిపోతుందా?

కోనసీమలో పాత వలకు విశ్రాంతి ఉండదు. చెరువు పట్టుబడికి పనికిరాదని పక్కన పడేశాక అది పెరట్లోకి వస్తుంది. ఆనపపాదుకు పందిరి అవుతుంది, తోటకూర మడికి దడి అవుతుంది, కోళ్లు మొక్కల్లోకి దూరకుండా అడ్డం నిలబడుతుంది. పైసా ఖర్చు లేదు. ఎండకూ వానకూ చీకదు. ఆ గట్టిదనమే రాత్రిపూట తిరిగే జీవాల ప్రాణం మీదికి తెస్తోంది. ఎలుక కోసమో, రాలిన పండు కోసమో చెట్టు దిగి వచ్చిన మానుపిల్లికి సన్నటి నైలాను దారం కనబడదు. కాలు ఇరుక్కుంటుంది. గింజుకున్నకొద్దీ ముడి బిగుస్తుంది.

తెల్లవారి చూసినవాళ్లు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న మీద ఒక అక్కా తమ్ముడూ వాదించుకుంటున్నట్టు దీన్ని రాశాను. అక్క సోషల్ టీచరుగా రిటైరైంది, అంబాజీపేట వైపు కొబ్బరి తోట చూసుకుంటోంది. తమ్ముడు భీమవరం దగ్గర చేపల చెరువులు చేస్తున్నాడు. తమ్ముడిది రాతిగుండె కాదు, అక్కకు అన్నీ తెలుసనీ కాదు. ఇలాంటివాళ్లు గోదావరి జిల్లాల్లో ఏ వీధికి వెళ్లినా ఉంటారు. అక్క పెరట్లో దడికి కట్టిన వలలో ఒక మానుపిల్లి చిక్కుకుంది. మధ్యలో అక్కడక్కడ నా మాట కూడా చెబుతాను.

తమ్ముడు: అక్కా, ముందా పాలగిన్నె అవతల పెట్టు. కత్తెర ఇలా ఇయ్యి. వల కోసేస్తే దాని దారిన అది పోతుంది.

అక్క: దాని దారిన అది పోయేలా ఉందంట్రా? దగ్గరికొచ్చి చూడు. మరీ దగ్గరికి కాదు, అది బుసకొడుతోంది. ముందుకాలు చూడు.

తమ్ముడు: చూశాను. దారం చుట్టుకుంది. కోస్తే పోతుంది.

అక్క: ఎన్ని చుట్లు పడిందో చూశావా? పైకి కనబడేది ఒక్క చుట్టే. మిగతాది వెంట్రుకల కింద చర్మంలోకి దిగిపోయి గాడి పడింది. ఆ గాడికి పైన కాలు మామూలుగా ఉంది. కింద పాదం ఉబ్బిపోయి వేళ్లు విచ్చుకున్నాయి, గోళ్లు లోపలికి పోవడం లేదు. అరికాలి మెత్తలు నల్లగా ఉండాల్సింది నీలం తిరిగాయి. నువ్వు దారం కోశావనుకో, మూడుకాళ్ల మీద కుంటుకుంటూ ఆ కొబ్బరిచెట్టు దాకా పోతుంది. మనం కళ్లు మూసుకుని పుణ్యం చేశామనుకుంటాం. ఆ తర్వాత?

తమ్ముడు: తర్వాత నాకుకుంటుంది, మానిపోతుంది. అడవి జంతువులకు డాక్టరెవరు? ప్రకృతే చూసుకుంటుంది.

అక్క: ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉన్న మన అమ్మాయి ఇలాగే అనుకుంది. వాళ్ల పెరట్లో పిల్లలు ఆడుకునే ఫుట్‌బాల్ వలలో హెడ్జ్‌హాగ్ ఒకటి చిక్కుకుంది. చిన్నగా ఉంటుంది, ఒంటినిండా ముళ్లు. అమ్మాయీ వల కోసి పొదలోకి వదిలేద్దామనే చూసింది. ఎందుకైనా మంచిదని అక్కడి వన్యప్రాణుల ఆస్పత్రికి ఫోన్ చేస్తే వదలొద్దన్నారట. దారం బిగిసినచోట నెత్తురు ఆడదు. ఆ రోజుకు చర్మం బాగున్నట్టే కనబడుతుంది గానీ లోపల కండ అప్పటికే చచ్చిపోయి ఉండొచ్చు. నాలుగైదు రోజులకు అది నల్లబడి, కుళ్లి, ఊడివస్తుంది. అందుకని వలలో చిక్కినదాన్ని విడిపించాక కూడా వారం దాకా కనిపెట్టుకుని ఉండాలని చెప్పారట. పైకి గాయం లేకపోయినా సరే.

తమ్ముడు: వారమా!

అక్క: ఆయ్, వారమే. విడిపించిన రోజున వదిలేస్తే అది చచ్చేది మన కళ్లబడదు, అంతే తేడా.

ఇక్కడ నేను అక్క పక్షం. వల కోసి వదిలేయడం చాలామంది చేసే పని, మంచి మనసుతోనే చేస్తారు. అయినా నెత్తురు ఆగిన కాలికి దారం తీసేయడంతో వైద్యం పూర్తి కాదు, మొదలవుతుంది. ఇది కుందేలుకైనా కొంగకైనా పాముకైనా వర్తిస్తుంది. మన పక్కన తమిళనాడులోనూ రాయలసీమ మెట్టల్లోనూ మద్రాస్ హెడ్జ్‌హాగ్ అనే ముళ్లజంతువు ఉంది. దానికి పొడినేల కావాలి, మన డెల్టా తడినేలలోకి అది రాదు. ఇక్కడి పెరళ్లలో ఆ చోటు మానుపిల్లిది.

తమ్ముడు: సరే, వదలొద్దు. అయితే ఇంట్లో పెట్టుకుంటావా? పాలూ అరటిపండూ పెట్టి, పసుపు రాసి, పేరు పెట్టి? నాకు తెలుసక్కా నీ సంగతి. ఆ పాలగిన్నె చూడగానే తెలిసింది.

అక్క: ఆకలిగా ఉంటుందేమోనని పెట్టానురా. రాత్రంతా గింజుకుంది కదా.

తమ్ముడు: నేను కాదన్నది అందుకే. ఆ ఇంగ్లండులో హెడ్జ్‌హాగ్‌లకు పాలూ రొట్టే పెట్టి ఎన్నింటిని చంపుకున్నారో అమ్మాయి చెప్పలేదా? ఆవుపాలు వాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరు పోయి, ముందే నీరసించినది ఇంకా పడిపోతుంది. దీని సంగతీ అంతే. దెబ్బ తిన్న జంతువుకు ఆ వేళప్పుడు తిండి పెట్టకూడదు. చల్లబడిపోయిన ఒంటికి తిండి అరిగించుకునే శక్తి ఉండదు. పైగా డాక్టరు మత్తిచ్చి చూడాల్సి వస్తే కడుపు నిండుగా ఉండటం ప్రమాదం. నోట్లో నీళ్లు పోశావో, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేపల్ని సాకేవాణ్ణి, జీవాన్ని చంపేది తిండి లేకపోవడం కంటే తప్పు తిండేనని నాకు తెలుసు.

అక్క: పసుపో?

తమ్ముడు: వద్దు. పసుపూ వద్దు, కిరసనాయిలూ వద్దు, పురుగు పడుతుందని ఫినాయిలు అసలే వద్దు. పిల్లిజాతికి ఫినాయిలు ఒంటికి తగిలితే చాలు, విషం. అలాగే మన నొప్పి మాత్రలు. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపుతుంది. మానుపిల్లి అచ్చంగా పిల్లి కాదనుకో, అయినా దాని మీద పరీక్ష చేసి చూడాల్సిన అవసరం మనకు లేదు.

అక్క: గాయం మీద ఈగలు ముసురుతుంటే చూస్తూ కూర్చోమంటావా?

తమ్ముడు: అదొక్కటి చెయ్యొచ్చు. కాచి చల్లార్చిన అరలీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు వేసి, ఆ నీళ్లతో పైపైన కడగొచ్చు. అదీ జంతువు ఒప్పుకుంటేనే. ఇదిగో చూడు, గాడి పక్కన వెంట్రుకల మొదట్లో తెల్లగా నూకల్లా అంటుకుని ఉన్నాయే, అవి ఈగ గుడ్లు. ఈ ఎండకు సాయంత్రానికల్లా పురుగులైపోతాయి. అందుకే రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటే కుదరదు.

తమ్ముడి మాటలో ఆ చివరి ముక్క దగ్గర ఆగాలి. దెబ్బ తిన్న జంతువు దొరికినప్పుడు మనకు రెండు తొందరలు పుడతాయి. వెంటనే తినిపించాలన్నది ఒకటి, వెంటనే ముట్టుకుని నిమరాలన్నది రెండోది. ఆ రెండూ మన ఊరట కోసం. జంతువుకు కావాల్సినది చీకటి, చప్పుడు లేకపోవడం, ఒంటికి తగినంత వెచ్చదనం. ఆ మూడూ అమర్చాక గడియారం చూసుకుని బయల్దేరాలి.

అక్క: ఇంత తెలిసినవాడివి, మరి మొదట వదిలెయ్యమన్నావేంట్రా?

తమ్ముడు: తెలుసు కాబట్టే అన్నాను. బావురుపిల్లులు మా చెరువు గట్ల మీదకొస్తాయి. చేపలెత్తుకుపోతాయని మావాళ్లకు కోపం. నేను మాత్రం ఒక్కదాని జోలికి పోలేదు, పోనివ్వలేదు. ఓసారి యానాం వెళ్తూ తాళ్లరేవు దాటాక 216 నంబరు హైవే మీద బండి గుద్దేసిన బావురుపిల్లిని చూశాను. ఊపిరుంది. ఫోన్ల మీద ఫోన్లు చేశాను. ఈయన ఆయనకు చెయ్యమంటే, ఆయన ఇంకొకరికి చెయ్యమన్నాడు. పొద్దు పోయేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాను. ఎవరూ రాలేదు. అది నా కళ్ల ముందే పోయింది. ఆ పక్కనే కోరింగ అభయారణ్యం, 1978 నుంచీ ఉన్నది. బావురుపిల్లి అంటే వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులితో సమానం. దానికే దిక్కు లేకపోతే ఈ మానుపిల్లికెవరు వస్తారు? ఇక్కణ్ణుంచి విశాఖ జూ సుమారు 200 కిలోమీటర్లు. ఇంగ్లండులో ముళ్లజంతువు ఒక్కదాని కోసం 1982లోనే సంఘం పెట్టుకున్నారు, పెరట్లో దొరికినవాటికి ఆస్పత్రులున్నాయి. మనకేముంది?

అక్క: మనకూ మండలంలో పశువుల ఆస్పత్రి ఉంది.

తమ్ముడు: గేదెల డాక్టరు.

అక్క: గేదెల డాక్టరుకు కుట్లు వెయ్యడం రాదా? మత్తివ్వడం రాదా? సూది మందు కొలత బరువును బట్టి మారుతుంది, అంతే కదా. ముందు ఫారెస్టు రేంజి ఆఫీసుకు చెబుదాం, వాళ్ల మాట మీద ఆయన చూస్తాడు. వాళ్లు వచ్చేలోపు కూర్చునే బదులు మనమే ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని చెబుదాం. నీ బావురుపిల్లి దగ్గర నువ్వు చేసింది తక్కువని నేననను. కానీ ఆ రోజు ఎవరూ రాలేదని ఇవాళ ఫోనే చెయ్యనంటే ఎలా?

తమ్ముడు: చట్టం సంగతి ఆలోచించావా? దీన్ని పట్టుకుంటే వేట కిందికొస్తుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పట్టుకోవడం, ఉచ్చు వెయ్యడం కూడా వేటే. రేపు ఎవడో ఫోటో తీసి పెడితే కేసు నీ మీదే.

అక్క: ఆ చట్టం పిల్లలకు చెప్పినదాన్నిరా నేను. అందులోనే 39వ సెక్షనులో చేతికొచ్చిన వన్యప్రాణి సంగతి 48 గంటల్లోగా పోలీసు స్టేషనుకో అటవీ అధికారికో చెప్పి అప్పగించాలని రాసుంది. దాచుకుంటే తప్పు, అప్పగిస్తే కాదు. ఇంట్లో పెట్టుకుని పేరు పెట్టి పెంచితే నువ్వన్న కేసు నా మీద పడాల్సిందే. జీవుల మీద దయ చూపడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు, 51ఏ అధికరణంలో. ఏటా బోర్డు మీద రాసి, పరీక్షలో అడిగి, మార్కులు వేసినదాన్ని. ఇప్పుడు నా పెరట్లో నా దడికి చిక్కుకుంటే తలుపేసుకోమంటావా?

తమ్ముడు: కరిస్తే?

అక్క: అందుకే చేత్తో పట్టుకోను. నువ్వూ పట్టుకోవద్దు.

తమ్ముడు: నవ్వులాట కాదక్కా. ఇది రాత్రి తిరిగే జంతువు. పట్టపగలు మనిషి కంటబడిందంటే కష్టంలో ఉందన్నమాటే, అది సరే. కానీ కష్టం అంటే గాయమే కానక్కర్లేదు. రేబిస్ కూడా కావొచ్చు. పాలిచ్చే ఏ జంతువు కరిచినా, గోరు గీసుకున్నా ఆ భయం ఉంది. ఒకసారి లక్షణాలు కనబడ్డాక బతికి బయటపడినవాళ్లు దాదాపు లేరు.

అక్క: ఆ మాట మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. పిల్లల్ని ఈ పక్కకు రానివ్వలేదు. కుక్కను కట్టేశాను. ఎవరికైనా పన్ను తగిలితే పదిహేను నిమిషాలు సబ్బుతో పంపు కింద కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. చిన్న గీతే కదా అని ఊరుకోకూడదు.

తమ్ముడు: ఇంకోటి చెబుతాను, దీనికి జవాబు చెప్పు. ఇది ఆడది అయ్యుంటే? పిల్లలుంటే? మన పెంకుటింటి అటక మీద ఏటా ఏదో ఒకటి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. దీన్ని నువ్వు గంపలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్తే, వారం అక్కడే ఉంచితే, ఆ పిల్లలు ఆకలితో చస్తాయి. ఒకదాన్ని బతికిద్దామని మూడింటిని చంపినదానివవుతావు. నేను వదిలెయ్యమన్నది అందుకు కూడా.

అక్క వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడం తేలిక కూడా కాదు. తమ్ముడి వాదన మొత్తంలో నాకు బలంగా తోచింది ఇదే. దయతో చేసే పని మనం చూడని చోట ఇంకో ప్రాణం తీయొచ్చు. అడవి జంతువు ఒంటరిగా కనబడుతుంది గానీ దాని వెనక ఒక చెట్టు తొర్ర ఉంటుంది, ఒక అటక ఉంటుంది.

అక్క: ముట్టుకోకుండానే చూడొచ్చు. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి ఉంటే పాలిస్తున్న తల్లి. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూడు, కనబడుతుంది. పాలిస్తున్నదైతే అటక వెతకాలి, మన వంటింటి మీదా, కోకో షెడ్డు మీదా. పిల్లలు దొరికితే తల్లితోపాటు అప్పగించాలి. దొరక్కపోతే డాక్టరుకు, ఫారెస్టువాళ్లకు ఆ మాట చెప్పాలి. అప్పుడు ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు వదలాలో వాళ్లు తేలుస్తారు. నీ మాట నిజమేరా. కానీ దానికి మందు వదిలెయ్యడం కాదు. కాలు కుళ్లిన తల్లి చెట్టెక్కలేదు, పిల్లల్ని మేపలేదు. వదిలేస్తే నాలుగూ చస్తాయి.

తమ్ముడు: ... మగదే. కనబడుతోంది.

అక్క: అయితే గంప పట్టుకురా. కోళ్ల గంప, పెద్దది.

తమ్ముడు: అట్టపెట్టె చాలదూ?

అక్క: హెడ్జ్‌హాగ్‌కు చాలుతుంది. దీనికి చాలదు, అరగంటలో చీల్చుకుని వచ్చేస్తుంది. గంప బోర్లించి, దాని మీద నా పాత నేతచీర కప్పుదాం. లోపల చీకటిగా ఉంటే గింజుకోవడం మానేస్తుంది. ముందు గోనెసంచి మడతపెట్టి తల మీద నుంచి మెల్లిగా వెయ్యి. కళ్లు కప్పితే సగం భయం తగ్గుతుంది. భయపడితే వాసన వదులుతుంది, వదలనియ్యి, తోకవైపు మాత్రం నిలబడకు. ఇప్పుడు కత్తెర.

తమ్ముడు: దారం దగ్గరికి కొయ్యనా?

అక్క: వద్దు. దడి నుంచి వల కొయ్యి. కాలికి ఉన్న ముక్క కాలికే ఉండనీ. ఆ గాడిలోంచి దారం నువ్వు లాగితే చర్మం దాంతోపాటు వస్తుంది. అది డాక్టరు మత్తిచ్చి తియ్యాల్సింది. మెడకు బిగిసి ఊపిరి అందకపోతే అప్పుడు ఎక్కడికక్కడ కోసెయ్యాలి. ఇది కాలే.

తమ్ముడు: అక్కా, ఈ వల...

అక్క: నువ్వు తెచ్చిందే. పోయినేడు చెరువు పట్టుబడి అయ్యాక కారు డిక్కీలో వేసుకొచ్చి, కోళ్లకు అడ్డం కట్టుకో అక్కా అన్నావు. నిన్ను అనడానికి చెప్పడం లేదురా, కట్టింది నేనే. ప్రకృతి చూసుకుంటుందన్నావు కదా, ఆ మాట ఇక్కడ పనికిరాదని చెబుతున్నాను. రెండు మానుపిల్లులు కొట్టుకుని ఒకటి దెబ్బ తింటే నేనూ తలుపేసుకునేదాన్నేమో. నైలాను దారం ప్రకృతి కాదు. గుద్దేసిన లారీ ప్రకృతి కాదు. నువ్వు చెరువు మీద నీటికాకులకని అడ్డంగా లాగిన తీగలూ కావు. మనం చేసిన గాయాన్ని ప్రకృతి మీదకు నెట్టకూడదు.

తమ్ముడు: తీగలు లాగకపోతే పంటంతా నీటికాకుల పాలు. నా అప్పు నువ్వు కడతావా?

అక్క: లాగొద్దనలేదు. చిక్కుకున్నదాన్ని పొద్దున్నే చూసి తియ్యమంటున్నాను.

తమ్ముడు: ఒక్కదాని కోసం ఇంత హడావిడి. రోడ్డు మీద రోజుకెన్ని పోతున్నాయో.

అక్క: నా పెరట్లో చిక్కుకున్నది ఒక్కటే కదరా.

ఈ మాటకు తమ్ముడు ఒప్పుకున్నాడని రాయను. లెక్క వేసి చూస్తే అతని మాటలోనూ న్యాయం ఉంది. ఒక మానుపిల్లి కాలు బాగుచేసినంత మాత్రాన ఆ జాతికి ఒరిగేది ఏమీ ఉండదు. జాతిని కాపాడేవి వేరే పనులు: ముదురు చెట్లు కొట్టకుండా ఉంచడం, రోడ్డు పక్క వేగం తగ్గించడం, మడ అడవులు నిలబెట్టడం. కానీ దెబ్బ తిన్న జీవాన్ని ఎత్తుకునేది లెక్క కోసం కాదు. దాని నొప్పి నిజం, అది మన దడి దగ్గర ఉంది.

పైగా మానుపిల్లి మన తోటకు పరాయిది కాదు. సముద్రపు ఒడ్డు మడ అడవులు తప్పిస్తే కోనసీమలో అడవి లేదు. కొబ్బరి తోటే దాని అడవి. పగలు మొవ్వులోనో తొర్రలోనో పడుకుంటుంది. రాత్రి దిగి తాటిపండు, ఈతపండు తిని ఈతగింజల్ని ఊరంతా పంచుతుంది. కొబ్బరి మొవ్వెక్కి లేతకాయలు కొరికి రాల్చే ఎలుకల్ని పడుతుంది. కల్లు ముంతలో మూతి పెడుతుందనీ, కోకో కాయలు పాడుచేస్తుందనీ, కోడిపిల్లను ఎత్తుకుపోతుందనీ ఫిర్యాదులున్నాయి. అవీ నిజమే. తమ్ముడు ఆ సంగతి కూడా ఎత్తాడు.

తమ్ముడు: పోయిన నెల నీ కోడిపిల్లల్ని తిన్నది ఇదే అయ్యుంటుంది. తెలుసా?

అక్క: అయ్యుంటుంది. కోళ్లగూడు తలుపు వెయ్యడం మర్చిపోయింది నేను. దాని తిండి అది తింది.

తమ్ముడు: నీతో గెలవలేం.

అక్క: చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం, సిద్ధార్థుడూ దేవదత్తుడూ హంస కోసం తగువులాడారు. కొట్టినవాడిదా, కాపాడినవాడిదా అని.

తమ్ముడు: ఆ కథ నాకూ గుర్తుంది. గుర్తుంటే ఆఖరు కూడా గుర్తుంచుకో. బాణం తీసి, నయం చేసి, ఎగరేశాడు. పంజరంలో పెట్టుకోలేదు. రేపు ఆ డాక్టరు కట్టు కట్టి, వారం మీరే చూసుకోండమ్మా అంటే నువ్వు ఉబ్బిపోయి తెచ్చేసుకుంటావు. అప్పుడు చేత్తో తినిపిస్తావు. అది మనిషికి అలవాటు పడుతుంది. మనిషి అంటే భయం పోయిన అడవి జంతువు పక్క ఊళ్లో ఎవడి కర్రకో బలవుతుంది. దాని భయమే దాని కవచం, అది తీసెయ్యకు.

అక్క: తియ్యను. డాక్టరు అలా అంటే, ఫారెస్టువాళ్ల చేతిలోనే పెడతాను. సరేనా? కాలు నయమయ్యాక మాత్రం ఇక్కడే వదలాలని రాయిస్తాను. ఈ తోటలోనే. కొత్తచోట వదిలితే దానికి తొర్ర తెలీదు, నీళ్లు తెలీవు, అక్కడున్న వేరే మానుపిల్లి తరిమికొడుతుంది. ఏ ఊరు, ఏ తోట, ఏ దడి దగ్గర, ఎన్నింటికి కనబడింది, అన్నీ చీటీ మీద రాశాను. గంపకు కడుతున్నాను.

తమ్ముడు: కాలు తీసెయ్యాల్సి వస్తే?

అక్క: అది చెట్టెక్కి బతికే జంతువు. ముందుకాలు లేకుండా ఎలా బతుకుతుందో నాకు తెలీదు. డాక్టరు చూసి, లాభం లేదు, నొప్పి లేకుండా నిద్రపుచ్చాలి అంటే, ఆ మాట కూడా వింటాను. వలలో వేలాడుతూ మూడు రోజులకు చావడం కంటే అది మేలు. సాయం అంటే ప్రతిసారీ బతికించడం కాదురా.

తమ్ముడు: ... కారు తీస్తాను. ముందుసీటు కాళ్ల దగ్గర నీడగా ఉంటుంది, అక్కడ పెడదాం. పాట పెట్టను. నువ్వు వెనక కూర్చుని మాట్లాడకు.

అక్క: నేనా!

తమ్ముడు: నువ్వే. మనిషి గొంతు వింటే దాని గుండె అదురుతుంది. పట్టుకున్న భయానికే చచ్చేవీ ఉంటాయి.

వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రాలేదు. అక్క ఇప్పటికీ ఆగి చూడాలంటుంది, తమ్ముడు ఇప్పటికీ అడ్డం పోకూడదంటాడు. అయితే గంప కారులోకి ఎక్కింది. అక్క దయ లేకపోతే అది ఎక్కేది కాదు. తమ్ముడి జాగ్రత్త లేకపోతే పాలు తాగి, పసుపు పూయించుకుని, పిల్లల చేతుల్లో నలిగి ఎక్కేది.

తమ్ముడు రోడ్డు పక్కన పొద్దుపోయేదాకా నిలబడ్డ సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. అది అతని తప్పు కాదు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువులో చిరుత కనబడి, కడియం నర్సరీల వైపు వచ్చినప్పుడు కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, ఊరూరా చాటించారు. మనుషుల ప్రాణాల సంగతి కాబట్టి అది చెయ్యాల్సిందే. మానుపిల్లికీ బావురుపిల్లికీ గుడ్లగూబకూ అంత అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలో ప్రతి మండలం పశువుల ఆస్పత్రిలో ఒక ఇనుప బోను, ఒక జత మందపాటి తోలు చేతితొడుగులు, ఫారెస్టు రేంజి ఆఫీసు ఫోన్ నంబరు రాసిన ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? పంచాయతీ గోడ మీద దోమల మందు ప్రకటన పక్కనే ఆ నంబరు కూడా రాయొచ్చు. ఈ పని జిల్లా అధికారులు చెయ్యాలి, మనం అడగాలి.

మన వంతు పెరట్లో ఉంది. వదులుగా వేలాడే వలే చంపుతుంది. బిగించి కట్టి, అడుగు భాగం నేల నుంచి జానెడు ఎత్తులో ఉంచితే చిన్న జీవాలు కింద నుంచి పోతాయి. కోళ్లకు అడ్డం కావాలంటే మన పెద్దవాళ్లు కట్టిన కొబ్బరి మట్టల దడి ఉంది, తాటాకు దడి ఉంది. తోటలో ఊరికే రాలిపడేదానితోనే అయిపోతుంది. పనికిరాని వలను గట్టు మీద, కాలవ ఒడ్డున పారెయ్యకండి. ముక్కలుగా కోసి, మూట కట్టి, చెత్తబండికి ఇవ్వండి. చీకటి పడేలోపు ఒకసారి పెరట్లోకి వెళ్లి, మీ దడి వల ఎక్కడ వదులుగా ఉందో చూసి బిగించండి.